దారుల పట్టిక

“మేడమ్, గుండ్రంగా తిరుగుతోందే తప్ప పేజీ తెరుచుకోవట్లేదు,” అంది కౌంటర్లో కూర్చున్న కళ్ళజోడు అమ్మాయి.

బ్రాంచి ఇన్‌చార్జి గోడ గడియారం వైపు చూసింది. మూడూ ఐదు. హాల్లో బెంచీల మీద పదమూడు మంది కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. ఈ ఆరోగ్య బీమా బ్రాంచి బతికి బట్టకట్టాలంటే నాలుగింటిలోపు ఐదొందల పాలసీలు నమోదు కావాలి. నాలుగు వందల ఎనభై ఏడయ్యాయి. మిగతా పదమూడూ ఆ బెంచీల మీదే ఉన్నాయి. అవి పూర్తయితే ఆమెకు ఇక్కడే మేనేజరు కుర్చీ ఖాయం. లేకపోతే బ్రాంచికి తాళం. కింద పనిచేసే ఆరుగురూ ఇళ్ళకి పోతారు, ఆమె మాత్రం హెడ్డాఫీసుకి, అంటే మొగుడి దగ్గరికి పోతుంది.

రెండేళ్ళుగా వాళ్ళది ఆదివారం కాపురం. మొగుడు హెడ్డాఫీసులో నెట్‌వర్క్ ఇంజినీరు. ఇక్కడే ఉండిపోతానేమో అని ఆమె అన్నప్పుడల్లా “నీ ఇష్టం” అనేవాడు. అంతకు మించి ఒక్క మాట అనని మనిషి. నిన్న ఆమె వెళ్ళేసరికి బీరువాలో ఓ అర ఖాళీ చేసి, తుడిచి పెట్టాడు. ఎప్పుడూ లేని శుభ్రం ఇవాళేమిటని ఆమె ఏడిపించింది కూడా.

ఇప్పుడు అతనికే ఫోన్ చేసింది.

“ఏవండీ, మెయిల్ వస్తోంది. నమోదు పేజీ ఒక్కటే రావట్లేదు.”

“కంగారు పడకు. రౌటర్‌కి లాప్‌టాప్ తగిలించు. అందులో దారుల పట్టిక చూద్దాం.”

“మీరే అక్కణ్ణుంచి చూడకూడదూ?”

“చూస్తున్నా. నీ వైపు ఏం కనబడుతోందో కూడా తెలియాలిగా.”

రౌటర్ వెనక గదిలో అలమరలో ఉంది. ఏ కబురు ఏ దారిన పోవాలో నిర్ణయించే పెట్టె అది. ఇక్కణ్ణుంచైనా అక్కణ్ణుంచైనా దాన్ని తెరిచే పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే, ఆ మొగుడికీ ఈ పెళ్ళానికీ.

పెళ్ళయిన కొత్తలో అతను ఓ పాత రౌటర్‌ని ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పెట్టి ఆమెకు పాఠం చెప్పాడు. పట్టికలో ప్రతి దారికీ అది చేరే చిరునామా అంకెల్లో ఉంటుంది, దాని ముందు ఓ అక్షరం ఉంటుంది. సి అంటే దీనికి నేరుగా తగిలించిన దారి. ఓ అంటే చుట్టుపక్కల రౌటర్లు చెప్పిన దారి. ఎస్ అంటే ఎవరో కూర్చుని చేత్తో కొట్టింది. పక్కవాళ్ళు ఏం చెప్పినా సరే, ఎస్ మాటే చెల్లుతుంది.

“అంటే మొగుడి మాటన్నమాట,” అందామె. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

“మేడమ్, ఓసారి ఆపి మళ్ళీ వేద్దామా? మా ఇంట్లో టీవీకి అదే మందు,” అన్నాడు వెనకే వచ్చిన అటెండర్.

ఆ మాట ఫోన్లో వినబడినట్టుంది. “ఆపొద్దని చెప్పు,” అన్నాడు మొగుడు గట్టిగా. “ఆపితే అసలుకే మోసం వస్తుంది.”

అటెండర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె నల్లటి తెర మీద ఆజ్ఞ కొట్టింది. దారులన్నీ బిలబిలా వచ్చి పడ్డాయి.

“అక్షరాలు వదిలెయ్. అంకెలు చదువు, టైం లేదు.”

“పది, నలభై, ఒకటి, సున్నా.”

“ఊఁ.”

“పది, ఇరవై, ఐదు, ఏడు.”

“అది ఉండాల్సిందే. కిందిది చదువు.”

మొత్తం పందొమ్మిది లైన్లు చదివింది. అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. కేబుల్ ఊడదీసి పెట్టమన్నాడు, పెట్టింది. దీపాలు లెక్కపెట్టమన్నాడు, లెక్కపెట్టింది. విసుక్కోకుండా, నెమ్మదిగా, ఒక్కొక్కటే చెబుతున్నాడు. పక్కన ఇలాంటి మనిషి ఉండటం తన అదృష్టమనుకుంది.

మూడూ నలభైకి ఒకాయన గడియారం చూసుకుని లేచి వెళ్ళిపోయాడు. అటెండర్ గుమ్మందాకా పరిగెత్తి బతిమాలి వెనక్కి తెచ్చాడు. కళ్ళజోడు అమ్మాయి అలమర దగ్గరికి వచ్చి నిలబడింది.

“మేడమ్, ఇంకో రెండేళ్ళు ఉంటానని ఇంటి ఓనరుకి పొద్దున్నే చెప్పానండీ,” అంది.

ఇన్‌చార్జి రౌటర్ దీపాలు మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. గడియారం నాలుగు కొట్టింది.

“నాలుగైందండీ,” అంది ఫోన్లో.

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. “ఇప్పుడు చూడు ఓసారి.”

“వచ్చింది మేడమ్,” అని హాల్లోంచి కళ్ళజోడు అమ్మాయి కేక. ఆ వెంటనే గొంతు తగ్గించి, “గడువు ముగిసిందంటోంది,” అంది.

పదమూడు మందీ కాగితాలు మడుచుకుని వెళ్ళిపోయారు. ఆమెకు ఏడుపు ఆగలేదు. రెండేళ్ళు చెమటోడ్చిన ఆఫీసు ఒక్క గంటలో మట్టిపాలైంది.

“ఊరుకో. నీ తప్పేం లేదు,” అన్నాడు మొగుడు. “సామాను సర్దుకుని వచ్చెయ్. నేనున్నాగా.”

ఆ మాటకి మరింత ఏడిచింది. కళ్ళు తుడుచుకుని, ఆగిపోయిన కారణం పైవాళ్ళకి రాసి పంపాలి కదా అని పట్టిక మరోసారి తెప్పించింది. ఈసారి పద్దెనిమిది లైన్లే వచ్చాయి. పది, ఇరవై, ఐదు, ఏడు లేదు. ఇందాకటి పట్టిక ఇంకా తెర మీదే ఉంటుందని గుర్తొచ్చి పైకి జరిపింది. ఆ లైను అక్కడే ఉంది. అంకెలు మళ్ళీ చదివింది, అవే. అప్పుడు చూసింది, చదవకుండా వదిలేసిన అక్షరాన్ని.

ఎస్.