మెట్టు మీద పెద్దాయన

"కాస్త జరగండి, ఎక్కనివ్వండి!"

పరుగెత్తుకొచ్చిన ఆయాసంలో ఆమె గొంతు గట్టిగానే లేచింది.

పెద్దాయన ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి జేబులు తడుముకుంటున్నాడు.

"ఏం వెతుకుతున్నారు పెద్దాయనా?" లోపలినుంచి కండక్టరు విసుక్కున్నాడు.

"కళ్లజోడయ్యా. ఇక్కడే పెట్టినట్టు గుర్తు."

"మీ ముక్కు మీదే ఉంది!"

బస్సంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వి, వెనక్కి తిరిగి ఆమెను చూసి పక్కకు తప్పుకున్నాడు.

"ముందు నువ్వెక్కమ్మాయ్."

రోజూ ఇదే వరస. ఒకరోజు చెప్పు జారిందంటాడు. ఒకరోజు చిల్లర కింద పడిందంటాడు. ఏమీ తోచకపోతే డ్రైవరుతో లోకాభిరామాయణం మొదలుపెడతాడు. ఆమె పరుగున వచ్చేసరికి సరిగ్గా దారికి అడ్డంగా ఉంటాడు.

ఇంట్లో ఆయనకు ఆమె పెట్టిన పేరు జిడ్డాయన.

ఆమె, భర్త, పాప ఈ చిన్న ఊరికి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. నగరంలో ఉన్న గదిలో తలుపు తీస్తే పొయ్యికి తగిలేది. భర్త చేసేది ఊళ్లోవాళ్ల ఇళ్లకు ప్లాన్లు గీసే పని. అక్కడ తన కంప్యూటరు పెట్టుకోవడానికి మాత్రం మంచం తప్ప చోటుండేది కాదు. ఇక్కడ అంతకన్నా తక్కువ అద్దెకే రెండు గదులు, వంటిల్లు, పెరడు దొరికాయి.

"అమ్మా, ఇదంతా మనదేనా?" అంటూ పాప మొదటిరోజు గదిగదికీ పరుగెత్తింది.

ఆమె ఉద్యోగం మాత్రం నగరంలోనే. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించాలి. పొద్దున్నే వెళ్లే ఈ బస్సు అందితేనే దుకాణం తెరిచే వేళకు చేరుతుంది. ఇది పోతే మళ్లీ మధ్యాహ్నమే.

"అంత దూరాన కాపురం పెట్టింది నువ్వు, నేను కాదు" అని యజమాని ముందే చెప్పేశాడు. "ఆలస్యమైతే వేరేవాళ్లను చూసుకుంటాను."

బస్సెక్కాక కూడా పెద్దాయన వదిలేవాడు కాదు. వచ్చి పక్కనే కూర్చునేవాడు.

"ఇల్లు అలవాటైందా అమ్మాయ్?"

"అయిందండీ."

"నీళ్లు బాగా వస్తున్నాయా? మీ ఆయనకు పని దొరుకుతోందా?"

"ఆ."

"ఇక్కడే ఉండిపోతారుగా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసేది.

"మీ వెనక వీధిలో ఇంకో ఇల్లు ఖాళీగా ఉంది. మీ షాపులో ఎవరైనా అద్దె కొంపల్లో ఇబ్బంది పడుతుంటే చెప్పు. గాలీ వెలుతురూ..."

ఈ మాట వినడం అది ఎన్నోసారో! ఆ ముందురోజే యజమానితో చీవాట్లు తిని ఉందేమో, ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"ఒక్కో ఇంటికి మీకెంత ముడుతుందండీ?"

ముందు సీట్లోవాళ్లు తిరిగి చూశారు.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. దిగేదాకా మళ్లీ మాట్లాడలేదు.

మర్నాటినుంచి ఆయన ఆమె పక్కన కూర్చోవడం మానేశాడు. మెట్టు మీద మాత్రం రోజూ అడ్డం తగులుతూనే ఉన్నాడు.

ఒకరోజు పాప జడ వేసి, డబ్బా సర్ది, ఎప్పటిలాగే ఆమె పరుగున సందు మలుపు తిరిగింది.

బస్సు వెనక భాగం కనిపించింది. చేయి ఊపింది, అరిచింది. దుమ్ము మిగిలింది.

ఆరోజు దుకాణం ముఖం చూడలేకపోయింది. ఫోన్లో యజమాని తిట్టలేదు. "సరే" అని పెట్టేశాడు. అదే ఎక్కువ భయపెట్టింది.

"నగరం వదిలి తప్పు చేశామేమో" అంది భర్తతో.

భర్త పెరట్లో ఆడుకుంటున్న పాప వైపు చూశాడు.

మర్నాడు పాపను భర్తకు అప్పగించి, అందరికన్నా ముందే వెళ్లి బస్సెక్కి కూర్చుంది. బస్సు వేళకు కదిలింది. మెట్టు మీద ఎవరూ లేరు.

"పెద్దాయన రాలేదేం?" టికెట్టు తీసుకుంటూ అడిగింది.

"మీకు తెలీదా అమ్మా? మొన్న సాయంత్రం పోయారు. కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే."

ఆమె చేతిలో టికెట్టు నలిగింది.

"నిన్న మీకు బండి తప్పిపోయింది కదూ?" అన్నాడు కండక్టరు. "ఆయనుంటే కదలనిచ్చేవారా! మీరు మలుపులో కనిపించేదాకా ఏదో ఒక వంక. మేం కసురుకుంటే, 'చిన్నపిల్ల ఉన్న తల్లయ్యా, ఒక్క నిమిషం' అని గొణిగేవారు."

ఆమె ఖాళీగా ఉన్న మెట్టు వైపు చూసింది.

"నేనాయన్ని బ్రోకరనుకున్నాను."

"ఇళ్ల గురించి అడిగేవారనా? అందర్నీ అడిగేవారమ్మా. పైసా పుచ్చుకోగా చూళ్లేదు."

"మరి నగరంలో ఏం పని చేసేవారు? ఆ వయసులో రోజూ..."

కండక్టరు ఎదురు సీటు అంచు మీద కూలబడ్డాడు.

"ఈ బస్సు ఇదివరకోసారి తీసేశారమ్మా, జనం లేరని. పనులకెళ్లేవాళ్లంతా ఒకళ్ల వెనక ఒకళ్లు ఇళ్లు ఖాళీ చేసి పోయారు. మీరుండే వీధిలో అయితే అప్పట్లో పలకరిద్దామంటే మనిషి ఉండేవాడు కాదు. ఈయనే ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ వేయించారు. ఎక్కేవాళ్లుంటేనే నడుపుతాం, లేకపోతే లేదన్నారు వాళ్లు."

"ఆయన పని సంగతి అడుగుతున్నాను..."

"అదే చెబుతున్నానమ్మా. ఎక్కేవాళ్లలో ఒక్కరైనా తగ్గకూడదని రోజూ టికెట్టు కొనుక్కుని ఎక్కి, అక్కడ బస్టాండు బెంచీ మీద కూర్చుని, ఇదే బండిలో తిరిగొచ్చేసేవారు."