ఎడమ మూల

ఎడమ మూలకు రాగానే గుర్రం మళ్లీ మెడ బిగించి పక్కకు గెంతింది. జీను మీదున్న కోడలు కళ్ళెం లాగి ఆపింది.

"మూడు నెలలత్తయ్యా. రోజూ ఇదే చుట్టు, ఇదే నడక. ఒక్కరోజు మానలేదు, ఒక్క దెబ్బ వేయలేదు. సాయంత్రం యజమాని వస్తాడు. డ్రెస్సాజ్ నడకల పోటీకి పనికిరాదనుకుంటే దీన్ని అమ్మేస్తాడు."

కంచె పక్కన క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అత్తగారు తాపీగా అంది. "గుర్రాల సంగతి నాకేం తెలుసు గానీ, దానికంటే ముందు నువ్వే బిగుసుకుంటున్నావు. మూల ఇంకా నాలుగడుగులుండగానే నీ భుజాలు చెవులదాకా లేస్తున్నాయి."

"అది గెంతుతుందని."

"సరేలే. ఈసారి ఇంట్లో ఉతకాల్సినవేమున్నాయో నాకు చెబుతూ రా."

వాదించే ఓపిక లేక కోడలు గుర్రాన్ని కదిలించింది. "దుప్పట్లు రెండు. మీ అబ్బాయి చొక్కాలు ఆరు, ఆ కాలర్లు చూస్తే ఏడుపొస్తుంది. తువ్వాళ్లు... తువ్వాళ్లు నాలుగు..."

గుర్రం తల దించి, పొడుగ్గా ఊపిరి వదిలింది. ఎడమ మూల ఎప్పుడో వెనకే ఉండిపోయింది.

ఆ మూల దగ్గర భయపడాలని ఇన్నాళ్లూ ఒక్కరోజు మానకుండా, ఎంతో ఓపిగ్గా తానే దానికి నేర్పిందన్నమాట. కోడలు దాని మెడ నిమిరి, దిగబోయింది.

"అప్పుడే దిగకు," అంది అత్తగారు. "కర్టెన్లు చెప్పలేదింకా."