ఉడుత పారెయ్యని ఆటపెట్టె

ఏనుగు కొత్త వీడియో గేమ్ పెట్టె తయారు చేస్తోందట, ఎలుగుబంటి అంతకంటే గొప్పది చేస్తోందట! కాకి ఈ కబుర్లు మోసుకొచ్చిందో లేదో, కుందేళ్లు రెండు జట్లుగా చీలి చెవులు పట్టుకుని కొట్టుకున్నాయి. కొత్తది వస్తోందిగా అని తమ పాత పెట్టెలన్నీ వాగులో పారేశాయి.

ఉడుత మాత్రం తన పెట్టె వదల్లేదు.

"ఇంకా ఈ డొక్కుదాంతోనేనా?" అంటూ పెద్ద కుందేలు దాన్ని కాలితో తన్నింది.

ఉడుతకి ఒళ్లు మండింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ముందు ఆ కొత్తదాన్ని రానీ మామా. నేను మాత్రం దీన్ని పారెయ్యను."

రెండు వానాకాలాలు గడిచాయి. ఏ కొత్తదీ రాలేదు. చివరికి పెద్ద కుందేలే ఉడుత కొమ్మ కిందికొచ్చి, "ఒక్క ఆట ఆడుకోనివ్వవే తల్లీ," అంది.

ఉడుత పెట్టెని కిందికి దించింది గానీ చెయ్యి వదల్లేదు.

"ఆడుకో మామా. ఆ రోజు కాలితో తన్నావుగా, ముందు కళ్లకద్దుకో."