లేని బ్రేకు

"అదిగో, మళ్లీ తొక్కారు!" అంటూ ఆమె భర్త మోకాలి మీద చరిచింది.

పరాయి దేశంలో సిటీ బస్సు నడుపుకునే ఆ మహానుభావుడు, రెండు రోజుల సెలవు దొరికిందని పెళ్లాంతో కొత్త ఊరు చూడటానికి వచ్చి, టూరిస్టు బస్సు ముందు సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతున్నాడు.

"మలుపులో అంత జోరేంటే వాడికి? నా కాలు ఊరుకోవడం లేదు."

"కోట ఇటుంటే మీరు అద్దంలో వెనకొచ్చే కార్లు చూస్తున్నారు. ఇందుకా వచ్చాం?"

"నువ్వేం తక్కువ తిన్నావు? పొద్దున హోటల్లో పక్క దులిపి, దుప్పటి ముడత లేకుండా పరిచిందెవరు? అందుకు పనమ్మాయి వస్తుందిగా!"

ఆమె నాలుక కరుచుకుంది. తాము ఉండే ఊళ్లో ఆమె ఉద్యోగం కూడా హోటల్ గదులు సర్దడమే.

"ఆ పిల్ల నడుం గుర్తొచ్చిందండీ," అంది నెమ్మదిగా.

అతను వెక్కిరించలేదు. "సరే, రాజీ పడదాం. ఇక నువ్వు దుప్పటి ముట్టుకోకు, నేను బ్రేకు జోలికి పోను."

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

అలా ఒట్టేసిన కాసేపటికే ఆమె భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టాడు. ఎన్నాళ్లకో అతని కాలు కూడా నిద్రపోయింది.

ఎదురుగా ఎర్ర లైటు పడింది. బస్సు జోరు తగ్గలేదు.

ఆమె కుడికాలు దానంతటదే నేలను తొక్కింది, మెల్లగా, అతని నిద్ర చెడకుండా.