గాజైపోయే గోడ

పిల్లలు చేరే ప్రతి గదికీ ఇప్పుడు అలాంటి గోడలే. లోపల ఒక పెద్దమనిషీ ఒక పిల్లా మాత్రమే మిగిలితే చాలు, గోడ గాజైపోయి వీధికి అంతా కనిపిస్తుంది. నాట్యశాలకి హవిష అందరికంటే ముందే వస్తుంది కాబట్టి, మందాకిని టీచరు దానికి నేర్పే అడుగులన్నీ ఎదురుగా బజ్జీలు వేసే నూకాలుకీ, ఆటోవాళ్లకీ వచ్చేశాయి.

ఆవేళ నాట్యశాలకి స్థలమిచ్చిన పేర్రాజుగారు వచ్చారు. "పిల్లతో విడిగా మాట్లాడాలి, నువ్వు బయటికెళ్లమ్మా" అన్నారు. టీచరు గుమ్మం దాటిందో లేదో గోడ గాజైపోయింది.

"ఆపించు దీన్ని! నేనెవరో తెలీదా?"

స్థలం పోతుందేమోనని భయపడుతూనే టీచరు బయటినుంచి అంది, "నాకు తెలుసండీ, గోడకే తెలీదు. నాక్కూడా ఇంతే."

ఈలోగా క్లాసు మొదలైందనుకుని వీధంతా చిందెయ్యడం మొదలెట్టింది. నూకాలు జల్లిగరిటెతో తాళం వేసింది. హవిష నడుం మీద చెయ్యి పెట్టి, "తాతగారూ, ఊరికే నిలబడకూడదు" అంది.

పేర్రాజుగారు అటూ ఇటూ చూసి, పంచె ఎగ్గట్టి, బెరుగ్గా ఓ అడుగేశారు.

"ఎడంకాలు బాబుగారూ, ఎడంకాలు!" అని వీధిలోంచి నూకాలు కేకేసింది.

మందాకినికి నవ్వాగలేదు. స్థలం తీసుకుంటే తీసుకోనీ, క్లాసు ఎప్పుడో వీధికెక్కింది కదా!