ఒక్క అర్రలో ఇద్దరు

అద్దం పగలగొట్టింది సరళాదేవి. తిట్లు తిన్నది బాలలక్ష్మి.

"కండ్లు నెత్తికెక్కినయా? గిట్లనేనా సామాన్లు సదురుడు?"

"నాదే తప్పక్కా. జర చూసుకోలే" అంటూ బాలలక్ష్మి గాజు పెంకులు ఏరింది.

గోడ అవతల ఇల్లుగలామె ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పోలీస్ యాక్షన్ అయిన నాలుగేళ్ళకు కరీంనగర్‌లో ఆమె కిరాయికిచ్చిన ఆ అర్ర వాడకట్టుకంతా వినోదం. ఆ ఒక్క గదిలో ఉండేది ఆ ఇద్దరే.

బాలలక్ష్మిది ఇచ్చోడ. తల్లీదండ్రీ లేరు. మేనమామ లక్ష్మణ్‌రావు ఇంట్లో పెరిగి, పంతులమ్మ ట్రైనింగుకు వచ్చింది. సరళాదేవి జమ్మికుంట వైపు దొరల ఇంటి మనిషి. మెట్రిక్ పరీక్షకు కడతానని పుస్తకాలు తెచ్చుకుంది గాని, వాటి మొహం చూసిన పాపాన పోలేదు. కడుపునొప్పని అప్పుడప్పుడు దవాఖానకు పోయి మందుసీసాతో వచ్చేది. మిగతా పొద్దంతా బాలలక్ష్మిని సతాయించడమే పని.

పప్పులో ఉప్పు తానే గుమ్మరించి, "గిది పప్పా, ఉప్పుకయ్యనా?" అనేది. బాలలక్ష్మి మళ్ళీ వండేది. ఉతికిన చీరను తానే మట్టిలో పడేసి మురికి పోలేదనేది. మళ్ళీ ఉతికేది. బాలలక్ష్మి జ్వరంతో మూలుగుతున్న రోజు కూడా సరళ కాళ్ళు పిసకమంటే, అదీ చేసింది.

"నోట్లె నాలుక లేదా బిడ్డా నీకు?" ఉండబట్టలేక అడిగింది ఐలవ్వ.

"పోనీ అవ్వా. అక్క మనసు మంచిది."

పిచ్చిది, నిజంగానే అలా నమ్మింది.

ఐలవ్వకు ఒళ్ళు మండింది. "గీమెను గింత ఏడిపిస్తున్నవ్, నీ పెండ్లెప్పుడు దొరసానీ?" అని సరళనే కడిగింది.

"నా ఫికర్ నీకెందుకు?" అంది సరళ. ఆ మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు.

బాలలక్ష్మికి ఉన్న ఆశ ఒక్కటే. తనదంటూ ఒక ఇల్లు. పిడికెడు బియ్యం తీసుకోవాలన్నా మేనత్త మొహం చూడనక్కర్లేని ఇల్లు. తానే పెత్తనం చేసే వంటిల్లు. సరళ దగ్గర ఆ మాట చెప్పుకుని చాలాసార్లు ఏడ్చింది కూడా.

ఒకనాడు సరళ ఆమెను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వింది. ఎన్నడూ లేనిది!

"మావోల్లల్ల ఒక సంబంధమున్నది. జగపతిరావు. మస్తు భూములు. నిన్ను తప్ప ఇంకేం అడుగరు. చేసుకుంటవా?"

"మరి నా ట్రైనింగు?"

"దొరల ఇంట్ల నౌకరి ఏందే?"

బాలలక్ష్మి ఆమె కాళ్ళ మీద పడింది. మర్నాడే ట్రైనింగు మానేసింది. తిట్టిన నోరే మేలు చేసిందని ఐలవ్వ కూడా కండ్లు తుడుచుకుంది.

పెండ్లికి ఐలవ్వ ఎడ్లబండెక్కి వెళ్ళింది. పందిట్లో బాలలక్ష్మి తలవంచుకుని కూర్చుంది. సంతోషంతో కొంగు అంచు మాటిమాటికీ సర్దుకుంటోంది. మేనమామ ఎవరి మొహమూ చూడకుండా "జల్ది కానియ్యుండ్రి" అని తొందరపెడుతున్నాడు. జగపతిరావు పుస్తె చేతిలోకి తీసుకున్నాడు.

"ముందు పెద్దభార్య సమ్మతి కావాలె" అని పెండ్లి చేయించే అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టగానే, సరళాదేవి జాకెట్టు లోపలి నుంచి పుస్తెలతాడు బయటికి తీసి కండ్లకద్దుకుని, "సమ్మతేంది అయ్యగారూ, నాకు పిల్లలు కాకపాయె, అందుకే ఒక్క అర్రల ఉండి, ఎట్ల సతాయించినా ఎదురు మాట్లాడని పిల్లను చూసి నేనే ఏరుకొచ్చిన మా ఆయనకు" అన్నది.