పై చెవిలో చెప్పిన మాట

తార్నాకలోని చెవి డాక్టర్ సూదితో కర్ణభేరి లోపలికి మందు వేసి, "అరగంట పక్కకు తిరిగి పడుకోండి. మింగొద్దు, మాట్లాడొద్దు" అని వెళ్లిపోయాడు.

ప్రొఫెసర్ పరుశురాం గారు నోరు మూసుకుని ఉండడం యూనివర్సిటీలో ఎవరూ చూడలేదు. ఉన్నట్టుండి కుడి చెవి వినపడకుండా పోతే, ఆయన మూడు రోజులు వెల్లుల్లి నూనె పోసుకుని క్లాసులు చెప్పారు. ఆలస్యమైతే వినికిడి తిరిగి రాదని ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పూర్ణిమే ఆటో ఎక్కించింది. వారానికొక సూది. ఇది రెండోది.

మంచి చెవి దిండులో కూరుకుపోయింది. వినపడని చెవి పైకి ఉంది. ఆరేళ్లలో పూర్ణిమకు ఇంత మంచి అవకాశం రాలేదు.

"సార్, మీరు ఒట్టి దున్నపోతు," అంది ఆ చెవి మీదికి వంగి, తియ్యగా. "అడిక్‌మెట్ల కిరాయి రూములల్ల ఉండే పిల్లలు చదువైనంక మళ్ల సొంతూళ్లకే పోతరని మీ పుస్తకంల రాసిన్రు. నేను రెండొందల మందిని అడిగిన. ఒక్కడు పోలే. మీ పేరు పోతదని థీసిస్‌ల రాయకుండ దాచిపెట్టిన."

ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు.

మూడో వారం డాక్టర్ వినికిడి పరీక్షల గ్రాఫులు పక్కపక్కన పెట్టి మురిసిపోయాడు. "మొదటి సూదికే పనిచేసింది సార్. పోయినసారి వచ్చేసరికే మీకు బాగా వినపడుతోంది కదా!"

పూర్ణిమ తలుపు వైపు జరిగింది.

"ఏడికి? కూసో," అన్నారు ప్రొఫెసర్. "ఆ రెండొందల మంది సంగతి మొదటి చాప్టర్ల పెట్టు. సంతకం చేస్త."

కుడి చెవి రుద్దుకున్నారు.

"దున్నపోతును కృతజ్ఞతలల్ల పెట్టు."